కంకి కాసులు



బజారులో చెల్లుబాటు తీరిపోయి, ఏ కంసాలి చేతిమీదుగానో మెడలోనికో చెవికో చేరిన నాణెములు కొన్ని కలవు. వానిలో గోధుమకంకియో, వరివెన్నో, తాటిచెట్టో, సెనిక్కాయయో అచ్చువేయబడిన పరదేశపు నాణెములను గూర్చి ఈ పూట మాటాడదలచితిని. ఆకాశవాణిలో వస్తువును చేతికిచ్చి చూపుటకు వీలులేదు గనుక, వర్ణన ఒకింత సాగినయెడల మన్నింతురుగాక.

మడకశిర ప్రాంతపువారికి కంకి గల నాణెముపై మక్కువ యేల కలుగునని అడుగువారుండవచ్చును. సింహగిరి దుర్గముపై నిలిచి చుట్టును చూచినవారికి సమాధానము కనులయెదుటనే కానవచ్చును: దిగువ నెఱ్ఱమట్టి మిట్టలలో సెనిక్కాయ, దాని నడుమ సాళ్ళుగా కంది, కొంత రాగి, కొంత ఉలవ, అమరాపురము వైపున నీరున్నచోట పోకతోటలు, గట్లవెంబడి చింతమ్రాకులు, పట్టుపురుగులు పెంచుకొనువారి మల్బరీ మడులు. దేశమునందు మిక్కిలి తక్కువ వాన గురియు సీమలలో ఇది యొకటి. ఒక్క అదనువాన తప్పినచో ఏడాదియంతయు తలక్రిందులగు ఇట్టి చోట పుట్టి పెరిగినవాడు, రాజుల తలలను, సింహములను, కత్తులను దాటి, లోహముపై నున్న ఒక్క గింజకంకిని ముందుగా గుర్తుపట్టుట సహజమే గదా. దానికి తోడు అష్టలక్ష్ములలో ధాన్యలక్ష్మి చేత వరివెన్నులు ధరించి యుండునని మన యింటి స్త్రీలందరు ఎఱుగుదురు. కావున కంకి అచ్చుపడిన కాసు ఏ దేశమునుండి వచ్చినను, పూజామందిరమున దానికొక చోటు ముందే సిద్ధముగా నుండును.

కాసులను కంఠమున ధరించుట మనకు నేటి ముచ్చట కాదు. ఇప్పుడు కంసాలులు చేయు కాసులపేరులోని బిళ్ళలు చాలవరకు నాణెములు కావు. లక్ష్మీదేవి రూపమును అచ్చొత్తిన పలుచని బంగారు రేకులు మాత్రమే. కాని ఆ రేకులకు పూర్వము నిజమైన నాణెములే అచట వ్రేలాడినవి. రోమకదేశపు రచయిత ప్లినీ, భారతదేశము తమ సామ్రాజ్యమునుండి ఏటేట 5 కోట్ల సెస్టర్సులను లాగుకొనుచున్నదని ఇంచుమించు రెండువేల యేండ్లకు ముందే మొరపెట్టుకొనెను. అట్లు వచ్చిన రోమను బంగారు నాణెములు నాగార్జునకొండ మొదలుగా దక్షిణదేశమున పలుచోట్ల బయల్పడినవి; వానిలో కొన్నిటికి, దండగా గ్రుచ్చుకొనుటకు అనువుగా, రంధ్రములున్నవి. బంగారమునకు నోచుకొననివారు ఊరకుండలేదు. ఇప్పటి సంగారెడ్డి ప్రాంతమున నున్న కొండాపురము త్రవ్వకములలో, టిబీరియస్ చక్రవర్తి నాణెమును పోలిన మట్టిబిళ్ళలు, పైన త్రాడు దూర్చుటకు చిన్న వలయముతో సహా దొరకినవి. ఆ బిళ్ళను మెడలో కట్టుకొన్న యిల్లాలికి టిబీరియస్ ఎవరో తెలిసియుండునని నేననుకొనను. తెలియవలసిన అవసరమును లేదు.

పరదేశపు నాణెమును మనవారు తమ కంటితో చదువుకొన్న తీరునకు ఇంతకంటె సొగసైన ఉదాహరణము వెనీసు పట్టణపు డ్యుకాటు. 1284లో మొదలై, 1797లో ఆ గణరాజ్యము కూలువఱకు, ఇంచుమించు ఒకే అచ్చుతో, ఒకే తూకముతో, అనగా మూడున్నర గ్రాముల మేలిమి బంగారముతో వెలువడిన నాణెమది. దాని యొక ముఖమున పునీత మార్కు అను మహాత్ముడు నిలిచియుండును. అతని యెదుట వెనీసు పాలకుడు మోకరిల్లి యుండును. ఇరువురి నడుమ నిలువుగా ఒక ధ్వజస్తంభము. నావలపై దక్షిణదేశపు రేవులకు చేరిన ఈ కాసును తమిళసీమవారు చూచి, ఆ స్తంభమును తాటిమ్రాకుగాను, మోకరిల్లినవానిని కల్లుగీయుటకై ఎక్కుచున్న షాణారుగాను భావించి, 'షాణారు కాసు' అని పేరు పెట్టుకొనిరి. మదరాసు మ్యూజియము అధ్యక్షుడైన ఎడ్గార్ థర్స్టను ఈ సంగతిని తన గ్రంథమున వ్రాసియున్నాడు. క్రైస్తవ మహాత్ముడు, రాజ్యాధిపతి, రాజచిహ్నము, ఈ మూడింటిలో ఒక్కటియు పట్టని జనుల కంటికి, దినదినము చూచు చెట్టును, దానిపై బ్రదుకు గడుపుకొను మనిషియు పట్టుట యెంత న్యాయము! ఈ కాసులే మహారాష్ట్రమున పుతళీల హారములైనవి. వానికి నకళ్ళు మన దేశమునందే పోతపోసి అమ్మిన కాలము కూడ ఉన్నది.

మన రాజుల నాణెములపై మాత్రము పంట కానరాదు. 1565 నాటి యుద్ధానంతరము విజయనగర సింహాసనము పెనుగొండకు తరలివచ్చినది గదా. ఆ దుర్గమును ఏలిన వేంకటపతిరాయల వరాహపై తిరుమలేశుడు తోరణము క్రింద నిలువుగా దర్శనమిచ్చును. అంతకు ముందటి అచ్యుతరాయల కాసుపై గండభేరుండము, కృష్ణరాయల కాసుపై బాలకృష్ణుడు. పన్నులన్నియు పంటనుండియే పిండుకొనిన ప్రభువులు, బంగారముపై ఒక్క వెన్నునైన చెక్కింపకపోవుట నాకు కొంచెము కొఱతగానే తోచును. ఇటలీ దక్షిణతీరమున మెటపాంటము అను గ్రీకు పట్టణమువారు, క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దమునందే, తమ వెండినాణెములపై యవకంకిని నిలిపి, అదియే మా వైభవమని లోకమునకు చాటుకొనిరి.

మనకా భాగ్యము 1950లో లభించినది. ఆ యేటి ఆగస్టు 15న వెలువడిన గణరాజ్యపు తొలి నాణెములలో, రూపాయిమీద రాజు శిరస్సునకు బదులుగా అశోకుని సింహములు వచ్చినవి. అంతకుముందు 1947 నాటి రూపాయిపైనున్న పులి తొలగిపోయి, దాని తావున ఇరువైపుల రెండు కంకులు నిలిచినవి. పులి పోయి కంకి వచ్చుటలోని ఔచిత్యము ఆహారధాన్యములకై ఓడల రాకకు ఎదురుచూచిన ఆ కాలమునెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. పిమ్మట 1968లో ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ, సభ్యదేశములన్నియు పంటను గూర్చి నాణెములు ముద్రింపవలసినదని ప్రోత్సహించుటతో, గోధుమ, వరి, మొక్కజొన్న, ఖర్జూరము, కొబ్బరి, కాఫీ, ద్రాక్ష ప్రపంచపు చిల్లరయందు ఒక్కసారిగా మొలకెత్తినవి. మనదేశము కూడ 1970లో 'అందఱికి అన్నము' అను నినాదముతో పది రూపాయల వెండినాణెమును వెలువరించినది. ఇప్పుడు హస్తకళలవారు, నగలు చేయువారు ఏరుకొను కంకినాణెములలో పెక్కు భాగము ఆ యుద్యమపు పంటయే.

అయితే ఆ సంస్థ పుట్టుకకు చాల ముందునుండియు లోకమున అందఱు ఎఱిగిన కంకినాణెము ఒకటి యున్నది: అమెరికావారి సెంటు. లింకను శతజయంతి సందర్భమున 1909లో విక్టర్ బ్రెన్నరు అను శిల్పి రూపొందించిన ఆ రాగికాసుకు ఒకవైపు లింకను ముఖము, రెండవవైపు అంచులవెంబడి వంపుదిరిగిన రెండు గోధుమకంకులు. 1958 వఱకు ఇది ఈ రూపముననే వెలువడినది. కోట్లకొలది ముద్రింపబడినది గనుక వెల స్వల్పము. రాగియంశ మిక్కుటము గనుక రంపమునకు, ఆకురాయికి లొంగును. ఆ దేశమున కంకులను మాత్రము మిగిల్చి చుట్టును కోసి చెవిపోగులుగా చేయువారు కలరు.

అట్టి సెంటునొకదానిని, మనుమడు అమెరికానుండి తెచ్చియిచ్చినదానిని, మా యూరి అవ్వయొకతె ఆచారి యొద్దకు కొనిపోగా నేనచ్చటనే యుంటిని. "ఏమప్పా ఆచారీ, ఆ గడ్డమాయన లోపలికి పోనీ, కంకులు బయటికి కనపడల్ల" అని ఆమె చెప్పినది. ఆచారి తలయూచి, గడ్డమాయన శిరస్సునకు సరిగా పైన గురుతుపెట్టి, సన్నని రంధ్రము పొడిచి, వలయము తగిలించి, త్రిప్పి చూచునప్పటికి కంకులు తలక్రిందులై యున్నవి! ఇందులో ఆచారి దోషమేమియు లేదు. అమెరికా నాణెములలో రెండు ముఖములు ఒకదానికొకటి తలక్రిందులుగా నుండును. నాణెమును పక్కకు కాక, పైనుండి క్రిందికి త్రిప్పినప్పుడే రెండవ ముఖము నిటారుగా కానవచ్చును. ఇటలీ లీరాలు కూడ ఈ పద్ధతివే. మన రూపాయి, ఆంగ్లేయుల నాణెములు, వారి యొజ్జబంతిని అనుసరించిన దేశముల నాణెములు ఇందుకు భిన్నముగా పక్కకు త్రిప్పినను నిటారుగనే యుండును. ఆచారి మొగము చిన్నబోగా, అవ్వ మాత్రము ఆ బిళ్ళను వెలుతురులో పట్టుకొని చూచి, "పండిన కంకి కిందికే గదప్పా వంగేది, ఉండనీలే" అని కొంగున ముడివేసికొని వెడలిపోయినది. ఆ మాటకు ఎదురు చెప్పగల నాణెశాస్త్రజ్ఞుడు నాకింతవఱకు తటస్థపడలేదు.

నాణెమును నగగా మార్చుటలో ముఖ్యమైన పని కంకిని మెచ్చుట కాదు, లోహమును ఎఱుగుట. సవరను బంగారము ఇరువదిరెండు క్యారెట్లది, తూకము ఎనిమిది గ్రాములకు ఒక్క పిసరు తక్కువ. దానికి రంధ్రము పొడుచుట రెండు విధముల నష్టము, బంగారము తరుగును, నాణెముగా దానికున్న విలువయు తరుగును. కావున నేర్పరియైన కంసాలి సవరనును గాని, పాత వెండికాసును గాని ముట్టుకొనక, దాని చుట్టుకొలతకు సరిపడు సన్నని అంచుపట్టీని వేఱుగా చేసి, కాసును అందులో కూర్చుండబెట్టి, వలయమును ఆ పట్టీకే అతుకును. లోహము నెఱుగనిచో కలుగు చిక్కునకు మొన్నమొన్నటి ఆస్ట్రేలియా మూడు పెన్నీలనే చూడుడు: 1938 నుండి 1964 వఱకు వచ్చిన ఆ చిఱుకాసుపై మూడు గోధుమవెన్నులు నడుమ కట్టబడినట్లుండును. 1944 వఱకు అచ్చయినవి నూటికి తొంబదిరెండున్నర పాళ్ళు వెండి, పిమ్మటివి సగము వెండియే. రెండింటిని ఒకే దండలో కూర్చినచో, కొన్నాళ్ళకు ఒకటి తెల్లగను, ఒకటి మసకగను మారి, చేసినవాని అజ్ఞానమును ఊరందఱికి చాటును.

రాగికంచు కాసులకు వెలిగారమువేసి, టంకముతో వలయమును అతుకవచ్చును గాని, కొలిమివేడికి పైనున్న పాతరంగు మాసి, పచ్చిరాగి బయల్పడును. ఆ రంగు పుట్టుటకు యాబదియేండ్లు పట్టియుండును. పోవుటకు అరనిమిషము చాలును. ఇటలీవారి పది లీరాలపై ఒకవైపు నాగలి, ఒకవైపు రెండు గోధుమకంకులు ఎంత ముచ్చటగానున్నను, అది అల్యూమినియము; సాధారణమైన టంకమునకు అంటదు. దానికి రంధ్రమే శరణ్యము. అది తూకమున రెండు గ్రాములైన లేదు గనుక, చెవికి భారముండదు. నికెలు కలిసిన తెల్లని కాసులతో మఱొక చిక్కు: కొందఱి చర్మమునకు నికెలు గిట్టదు, దద్దుర్లు పుట్టును. కంకి యెంత చక్కనిదైనను, అట్టిదానిని మెడకు చెవికి గాక, కుంకుమభరిణె మూతమీదనో, దీపపుకుందె మొదటనో, తోరణముననో అమర్చుట మేలు.

రంధ్రము పొడువనక్కఱ లేకుండ, పుట్టుకతోనే రంధ్రముతో వచ్చిన కంకినాణెము జపానువారి అయిదు యెన్లు. ఇత్తడిది, బంగారపు చాయతో మెఱయును. దాని ముఖముపై వంగిన వరివెన్ను ఒకటి. దాని క్రింద నీటిని సూచించు అడ్డగీతలు. నడిమి రంధ్రము చుట్టును యంత్రపు పండ్లచక్రము. సేద్యము, చేపలవేట, పరిశ్రమ అను మూడింటిని ఇరువదిరెండు మిల్లీమీటర్ల బిళ్ళలో ఇమిడ్చిన ఆ నేర్పు మెచ్చదగినది. రంధ్రముతో ఇది 1949 నుండి వచ్చుచున్నది. మనవారికి ఇట్టి కాసు కొత్త కాదు: రెండవ ప్రపంచయుద్ధకాలమున లోహము పొదుపుకై 1943 నుండి వచ్చిన చిల్లికాణీని పిల్లల మొలత్రాడునకు కట్టిన తల్లులెందఱో.  

పూసలు, గవ్వలు, అద్దములు, కాసులు ఒక్కచో మేళవించు కళ మన మిట్టసీమలో సుగాలీలది. వారి స్త్రీలు వెండిరూపాయిలకు, అర్ధరూపాయిలకు వలయములు అతికించుకొని హారములుగా ధరించుటయే గాక, అంగీలకు, లంగా అంచులకు వరుసలుగా కుట్టుకొందురు. నడచునప్పుడు అవి యొకదానికొకటి తగిలి చేయు సవ్వడితో ఆడుదాని రాక ముందే తెలియును. ఏ రాజు తల, ఏ సంవత్సరము అను విచారణ అచట లేదు. గుండ్రదనము, బరువు, మ్రోత చాలును. వెండి మాయమైన పిమ్మట ఆ వరుసలలోనికి తక్కువ లోహపు చిల్లరయు వచ్చి చేరినది. కంకికాసులతో నగలు చేయదలచు నేటి యువతులు పుస్తకములకంటె ముందు సుగాలీ కుట్టును దగ్గఱనుండి చూడవలెనని నా మనవి: కాసును గుడ్డకు బిగించునపుడు దారము అంచునకు ఒరసి తెగకుండ వారు తీసికొను జాగ్రత్తను మఱెక్కడను చూడలేము.

ఇక ఈ పరదేశపు కాసులు మన వఱకు వచ్చు త్రోవలు. పుట్టపర్తికి దశాబ్దములుగా లోకమునలుమూలలనుండి భక్తులు వచ్చుచున్నారు; వారితోబాటు వారి చిల్లరయు వచ్చును. తిరుమల హుండీలో పడిన విదేశీ నాణెములను దేవస్థానమువారు దేశములవారీగ వేఱుపఱచి వేలమున అమ్ముదురు. కడప, కదిరి సీమలనుండి కువైటునకు, సౌదీకి బ్రదుకుతెరువునకై పోయినవారు సెలవులకు వచ్చునపుడు జేబులలో మిగిలిన బిళ్ళలను పిల్లలకు పంచిపెట్టుదురు. సౌదీ బిళ్ళపై రెండు కత్తుల మీద ఖర్జూరవృక్షము. బహ్రెయిను పాత ఫిల్సుపైనను ఖర్జూరమే. ఆ పిల్లలు దానిని ఈతచెట్టనియే చెప్పుకొందురు. షాణారు కాసు కథ ఇంకను ముగియలేదన్నమాట.

పంటకును మన తెలుగువారికిని మిక్కిలి దగ్గఱి చుట్టరికము గల పరదేశపు నాణెము మాత్రము మారిషసువారి పది రూపాయలని నేననుకొందును. 1997లో మొదలైన ఆ యేడుమూలల నాణెముపై ఒకవైపు శివసాగర్ రామ్‌గులాము ముఖము, రెండవవైపు చెఱకుకోత. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి, ఒప్పందపు కూలీలుగా ఆ దీవికిపోయిన తెలుగువారు నఱికినది ఆ చెఱకునే. కోరంగివారను పేరు వారికి అచట నిలిచిపోయినది. ఆ నాణెమును పతకముగా కట్టించుకొనువారు, దానిలో వంగియున్న ఆ మనుష్యుని వీపును కూడ ఒకసారి చూడవలెను.

చట్టమును గూర్చి రెండు మాటలు. మన దేశమున చెలామణిలోనున్న నాణెమును కరగించుటను, చెడగొట్టుటను 2011 నాటి నాణేల చట్టము నిషేధించుచున్నది. కావున కత్తెర, రంపము పట్టదలచినవారు వానిజోలికి పోరాదు. పొలము దున్నునపుడు పాతకాసులు బయల్పడినచో, 1878 నాటి నిక్షేపచట్టము ప్రకారము ప్రభుత్వమునకు తెలుపవలెను. పెనుగొండ పరిసరములలో ఇది ఉత్తమాట కాదు. తవ్వకమున దొరకిన వరాహను కంసాలి కొలిమికి పంపుట చట్టవిరుద్ధమగుట అటుండనిండు, చరిత్రకు తీరని నష్టము.

సెనిక్కాయ గల నాణెము లోకమున నున్నదా యని వినువారిలో కొందఱికి ఇప్పటికే సందేహము కలిగియుండును. ఉన్నది. ఆఫ్రికా పడమటితీరమున గాంబియా అను చిఱుదేశము కలదు. 1965లో స్వతంత్రమైన ఆ దేశమునకు సెనిక్కాయ యెగుమతియే జీవనాధారము. 1966లో వారు ముద్రించిన ఆఱు పెన్నీలపై ఈ కాయనే నిలిపిరి; 1971లో నాణెముల పద్ధతి మారినపుడు అన్నిటికంటె చిన్నదైన ఒక బుటుట్ అను కంచుబిళ్ళపై మరల దీనినే ఉంచిరి. ఆ బిళ్ళ మన తొలినాటి నయాపైసకంటె ఒక్క పిసరు పెద్దది. పైనున్న కాయల నొక్కులు, గళ్ళు వ్రేలికొసకు తగులును. సెనిక్కాయ దక్షిణ అమెరికానుండి ఓడలెక్కి ఆఫ్రికాకును మనకును వచ్చినదేగాని రెండుచోట్లను పుట్టినది కాదు. అయినను కదిరి పరిశోధన కేంద్రమువారి విత్తనమును చల్లుకొను మడకశిర రైతునకు, గాంబియా నదీతీరపు రైతునకు ఆ బిళ్ళపైనున్న కాయను ఒకరికొకరు పరిచయము చేయనక్కఱలేదు. ఒక జత దొరికినచో ఆడపిల్లకు లోలకులుగా చక్కగా అమరును. కాసునకు రంధ్రము పొడువక చుట్టును వెండిపట్టీ వేయించుడు, చెవిలో దూరు కొక్కెమును కూడ వెండిదిగానే చేయించుడు. కంచు గనుక వానకాలమున చిలుమెక్కును. అప్పుడు హిందూపురము సంతనుండి తెచ్చుకొన్న చింతపండు గోలీకాయంత చాలును.